మూడు రకారములు

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనరాదని మన పెద్దలందురు. ఎన్నికలలో నిలిచినవారి చరిత్రములు చూడగా, జారిన మాటకంటె దానిని దిద్దుకొనుటలో జరిగిన యాలస్యమే యెక్కువ చెరుపు చేసినట్లు తోచుచున్నది.

1884వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షపదవికి రిపబ్లికను పక్షమున జేమ్సు బ్లెయినును, డెమొక్రాటిక్ పక్షమున గ్రోవరు క్లీవ్‌లండును పోటీ చేసిరి. ఎన్నిక ఆరు దినములున్నదనగా, అక్టోబరు 29వ తేదీని, న్యూయార్కు నగరములోని యొక హోటలులో ప్రొటెస్టంటు బోధకులు పెక్కురు కూడి బ్లెయినును సన్మానించిరి. వారి పక్షమున మాటలాడిన బర్చర్డు అను ప్రెస్బిటీరియను బోధకుడు, ఎదిరి పక్షము "రమ్, రోమనిజమ్, రెబెలియన్" అను మూటికి చెందినదని నిందించెను. సారాయి, రోమను కతోలిక మతము, తిరుగుబాటు అని యర్థము. మూడు పదములును రకారముతోనే మొదలగును. అనుప్రాసమీది మోజు కవులకే కాదు, వక్తలకును గలదు. మాట చెవికింపుగా నున్నదా యని చూచుకొన్న యాయన, అది యెవరి మనస్సు నొప్పించునో చూచుకొనలేదు. ఆ నగరమున ఐర్లండునుండి వచ్చిన కతోలికులు వేలకొలది గలరు. వారిలో పలువురు బ్లెయినువైపు మొగ్గియుండిరి. అతని తల్లియు కతోలికురాలే.

బ్లెయిను ఆ సభలోనే యుండెను. బదులు చెప్పుచు నా మాటను ఖండింపలేదు. అతనికి వినబడలేదని కొందరు, విని యూరకుండెనని కొందరు చెప్పుదురు. ఎదిరి పక్షమువారు మాత్రము చక్కగా విని, దానిని ఊరూర చాటిరి. తన యభిప్రాయమది కాదని బ్లెయిను చెప్పునప్పటికి దినములు గడచిపోయెను. న్యూయార్కు రాష్ట్రము రమారమి 1,100 వోట్ల తేడాతో అతని చేయి జారెను. అధ్యక్షుని నెన్నుకొను ప్రతినిధుల వోట్లలో క్లీవ్‌లండునకు 219, బ్లెయినునకు 182 వచ్చెను. ఒక్క న్యూయార్కువే 36. ఆ 36 అటునుండి యిటు మారినచో నేమగునో విద్యార్థులు లెక్కవేసి చూచుకొనవచ్చును.

ఇదంతయు మూడు పదముల పనియే యనుట న్యాయము కాదు. ఆ రాత్రియే బ్లెయిను గొప్ప ధనవంతులతో విందారగించుటయు, మద్యనిషేధ పక్షము వేలకొలది వోట్లు చీల్చుటయు గూడ కారణములే. కాని 1,100 ఎంత చిన్న సంఖ్య!

అభ్యర్థి తన నోటనే జారుటయు గలదు. 1976వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని, అప్పటి అధ్యక్షుడు జెరాల్డు ఫోర్డు, తూర్పు ఐరోపాపై సోవియట్టుల ఆధిపత్యము లేదని టెలివిజనులో దేశమెల్ల చూచుచుండగా చెప్పెను. విలేఖరి విస్తుపోయి మరల ప్రశ్నించి, దిద్దుకొను నవకాశమిచ్చినను, పోలండు పేరెత్తి ఆ మాటనే స్థిరపరచెను. అక్కడి ప్రజల మనస్సులు లొంగలేదని తన భావమట! మాట సరిగా చెప్పలేదని యొప్పుకొనుటకు మరికొన్ని దినములు పట్టెను. నవంబరులో జిమ్మీ కార్టరు గెలిచెను.