గేరు పడుటలో జాప్యము: కారణ పరీక్ష

వైద్యుడు మందు వ్రాయుటకు ముందు నాడి చూచును. యంత్రవిద్య నేర్చు మనకును అదే ధర్మము. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ గల పికప్పు వాహనమున లివరును న్యూట్రల్ నుండి డ్రైవ్‌నకు మార్చిన రెండు మూడు సెకండ్లకు గాని బండి కదలనిచో, వెంటనే గేరుబాక్సు విప్పుటకు పూనుకొనరాదు.

ఇట్టి బండిలో కాలితో తొక్కు క్లచ్చి లేదు. ఇంజను త్రిప్పెడి పంపు ఆయిలునకు పీడనము కల్పించును. వాల్వులు ఆ ఆయిలును తగిన మార్గమున పంపగా, అది లోపలి క్లచ్చి ప్లేట్లను నొక్కి పట్టును. కనుక జాప్యమనగా ఆయిలు ఆలస్యముగ చేరుటయో, చేరియు చాలినంత బలముతో నొక్కలేకుండుటయో యని గ్రహింపవలెను.

మొదట ఆయిలును చూతము. సమతలమున బండి నిలిపి, ఇంజను వేడెక్కిన పిదప, బ్రేకు తొక్కి లివరును అన్ని స్థానములకు మార్చి, తయారీదారు చెప్పిన స్థానమున ఉంచి, ఇంజను నడుచుచుండగనే మట్టము కొలువవలెను. ఆయిలు తక్కువైనచో పంపు గాలిని పీల్చును. మాడు వాసన వచ్చినచో ప్లేట్లు కాలినవని అనుమానింపవలెను.

రెండవది కాల పరీక్ష. చక్రములకు అడ్డు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, ఫుట్ బ్రేకు తొక్కియుంచి, లివరు మార్చిన క్షణము నుండి కుదుపు తెలియువరకు స్టాప్‌వాచితో కొలువవలెను. టయోటా వారి ఏ340 తరగతి ట్రాన్స్‌మిషన్లలో ఈ కాలము డ్రైవ్‌నకు 1.2 సెకండ్లకు, రివర్సునకు 1.5 సెకండ్లకు లోబడి యుండవలెను. నిమిషము వ్యవధితో 3 మార్లు కొలిచి సగటు తీయుదుము.

ఇప్పుడు తర్కింతము. రెండింటను జాప్యమున్నచో, రెండింటికి ఉమ్మడియైన పీడనమే తగ్గియుండవచ్చును. డ్రైవ్‌లో మాత్రమే యున్నచో ఫార్వర్డ్ క్లచ్చిని, రివర్సులో మాత్రమే యున్నచో డైరెక్ట్ క్లచ్చిని, రివర్సు బ్రేకును శంకింపవలెను. ఉదయము తొలిసారి మాత్రమే కనిపించినచో, రాత్రి టార్క్ కన్వర్టరు నుండి ఆయిలు దిగిపోయియుండవచ్చును. లేదా పాత సీళ్ళు చలికి బిగుసుకొనియుండవచ్చును.

పిమ్మట ప్రెషర్ గేజి అమర్చుదుము. పీడనము తక్కువైనచో ఫిల్టరు, పంపు, రెగ్యులేటర్ వాల్వు చూడవలెను. సరిగానే యున్నచో దోషము క్లచ్చి సీళ్ళలోనో, ప్లేట్లలోనో యుండును. గేరుబాక్సు విప్పు వంతు అప్పుడే వచ్చును.

ఒక హెచ్చరిక. గేరు పడలేదని యాక్సిలరేటరు తొక్కరాదు. వేగముగ తిరుగు ఇంజనుపై క్లచ్చి హఠాత్తుగ పట్టినచో ప్లేట్లు కాలును; బండి ముందుకురికి ఎదుట నిలిచిన వాని ప్రాణము తీయవచ్చును. కొలపుల్లతో తీరు దోషమునకు గేరుబాక్సు విప్పించినచో యజమానికి వృథా వ్యయము, మనకు అపకీర్తి. విప్పుట చేతిపని; ఎందుకు విప్పవలెనో తెలిసికొనుటయే విద్య.