చలికాలమున కంజుపిట్టల పెంపకము

మంచు కురియు దేశములకు గాని మన గుంటూరు, ప్రకాశము మైదానములకు ఈ చలిభయ మెందుకని కొందఱు రైతు లనుకొనవచ్చును. ఎదిగిన పిట్ట విషయమున అది నిజమే. గాలి తగులక, పఱుపు పొడిగా నున్నచో అది గట్టి చలికిని ఓర్చుకొనును. పిల్ల సంగతి వేఱు. 17, 18 దినములకు గ్రుడ్డునుండి వెలువడు పిల్ల 7, 8 గ్రాములు మాత్రమే తూగును. దానికి మొదటి వారము 35 మొదలు 37 డిగ్రీల వెచ్చదనము కావలయును. ధనుర్మాసమున తెల్లవాఱుజామునకు మన పల్లెలలో 20 డిగ్రీల దరిదాపులకు దిగును. ఆ తేడాయే ప్రాణాంతకము. చలి సోకిన పిల్లలు ఒకదానిపై నొకటి యెక్కి కుప్పపడగా అడుగునవి ఊపిరాడక చచ్చును. ఉదయము చూచి, తెగులు వచ్చెనని మందులకు పరుగెత్తుటకు ముందు, రాత్రి దీప మాఱెనా యని విచారింపవలయును.

వేడికి పాతరకపు తీగెబల్బులే కట్టవలెను. ఎల్‌ఈడీ దీపము వెలుతురిచ్చును గాని చాలినంత వేడి నియ్యదు. ఉష్ణమాపకమును పిల్లల వీపు ఎత్తున వ్రేలాడదీయుడు. అంతకంటె పిల్లలే బాగుగా చెప్పును: దీపము క్రింద గుమిగూడిన చలి, అంచులకు పోయి నోరు తెఱచిన వేడి, అంతటను పరచుకొని మేయుచున్న సరిపోయినది. వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. కరెంటు పోయినప్పటికై వేడినీళ్ళ డబ్బాలకు గోనెగుడ్డ చుట్టి యుంచుడు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. కంటికి కనబడని దాని విషవాయువు పిట్టలనే గాక కాపలా మనిషిని గూడ చంపును.

రాత్రులు గోనెపట్టాలు దింపుడు. పైన జానెడు సందు విడువుడు. లేనిచో రెట్ట ఘాటు నిలిచి కండ్లు చెడును. క్రింద వరి ఊక 2 అంగుళములు పోసి, తొలి మూడు దినములు కాగితము పఱవవలెను. ఇంట నున్నది గదా యని ప్రత్తి వేయరాదు, కాళ్ళకు చుట్టుకొనును. మిరప కల్లము ప్రక్కన కొట్టము వలదు. నీళ్ళ పళ్ళెములో గులకరాళ్ళు వేయనిచో పిల్లలు మునిగి చచ్చును.

పెంచవలసినది 1974లో మన దేశమునకు తెచ్చిన జపాను జాతి. పొలములలోని అడవి పిట్టలను పట్టుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ననుసరించి నేరము.

ఆఱేడు వారములకు పెట్టలు గ్రుడ్లకు వచ్చును. వానికి దినమునకు 16 గంటల వెలుతురు కావలయును. పుష్యమాసమున మనకు పగలు 11 గంటలే గనుక మిగిలినది దీపముతో పూరింపవలెను. ఇక్కడ మాత్రము ఎల్‌ఈడీ చాలును.