ఓటీపీ చెప్పేశారు సరే, ఆ తర్వాత పోయిన డబ్బు ఎవరిది?

ప్రశ్న: తపాలా శాఖ పేరుతో మా నాన్న ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ‘మీ పార్సిల్ గోదాముకు చేరింది. చిరునామా సరిగా లేక రెండుసార్లు వచ్చి వెనుదిరిగాం. 48 గంటల్లో సరిచేయకపోతే తిప్పి పంపేస్తాం’ అని. నేను పంపిన మందులేమో అనుకొని లింకు నొక్కారు. 25 రూపాయల రుసుము కోసం కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చారు. వెంటనే 18 వేలు పోయాయి. 11.20కి బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపమన్నాం. అయినా 11.45కి ఇంకో 20 వేలు లాగేశారు. ‘ఓటీపీ మీరే ఇచ్చారు కదా, మా బాధ్యత లేదు’ అంటోంది బ్యాంకు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బ్యాంకువారి మాటలో సగమే నిజం. మీకు పనికొచ్చేది వాళ్లు చెప్పని మిగతా సగం.

రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తానే ఓటీపీ వంటివి బయటపెడితే అది నిర్లక్ష్యమే. అయితే ఆ నష్టం ఆయన భరించాల్సింది బ్యాంకుకు కబురు చేసేవరకే. చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. అంటే 11.45కి పోయిన 20 వేలు బ్యాంకు ఇచ్చి తీరాలి. మొదటి 18 వేలకు అంత గట్టి హక్కు లేదు. కానీ ఖాతాదారు తప్పు ఉన్నా బ్యాంకు తన విచక్షణతో ఆ భారాన్ని మాఫీ చేయవచ్చని అదే ఆదేశం చెబుతోంది. కౌంటర్‌లో ఎవరూ ఈ మాట చెప్పరు. మీరే రాతపూర్వకంగా అడగండి. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన బాధ్యతా బ్యాంకుదే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. రుసుము ఉండదు, వకీలు అక్కర్లేదు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. డబ్బు ఖాతాల మీదుగా ఎక్కడికి వెళ్లిందో చూసి, మిగిలినదాన్ని అక్కడే ఆపేయిస్తారు. ఆలస్యమైనకొద్దీ ఆపడానికి ఏమీ మిగలదు. ఆగిన సొమ్ము తర్వాత వెనక్కి వచ్చే వీలుంటుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా చాలామందికి ఇప్పించారు.

పోలీసు ఫిర్యాదు విడిగా ఇవ్వాలి. ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద ఈ నేరానికి మూడేళ్ల వరకు జైలు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు. ‘ఇది మా పరిధి కాదు, సైబర్ స్టేషన్‌కు వెళ్లండి’ అంటే ఒప్పుకోవద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. నిరాకరిస్తే ఎస్పీకి పోస్టులో పంపండి.

ఇక ఆ మెసేజ్ సంగతి. ఇది నకిలీదని 2024లోనే కేంద్రం తరఫున పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ప్రకటించింది. చిరునామా దొరక్కపోతే పోస్ట్‌మ్యాన్ పక్కింటివాళ్లను అడుగుతాడు, దొరకలేదంటే పార్సిల్ పంపినవాళ్లకే తిరిగి వెళ్తుంది. అంతేగానీ లింకు పంపి కార్డు నంబరు అడగడు. స్పీడ్ పోస్టుకు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్‌తో 13 గుర్తుల నంబరు ఉంటుంది. అది లేని మెసేజ్‌ను నమ్మొద్దు. ఉన్నా లింకు నొక్కకుండా, ఆ నంబరు తపాలా శాఖ సైట్‌లో మీరే కొట్టి చూసుకోండి. లింకులోని సైట్ పేరును వెనక నుంచి చదవడం అలవాటు చేసుకోండి. ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న పేరు ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగియకపోతే, ముందు ఇండియాపోస్ట్ అని ఎంత పెద్దగా ఉన్నా అది తపాలా శాఖది కాదు.

నాన్నగారిని ఇంకేమీ అనకండి. కూతురు మందులు పంపిందనే ఆత్రంలో నొక్కారు. ఆ ఆత్రం మీదే ఈ మోసం నడుస్తోంది.

మీ చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం 11.20కి చేసిన ఆ కాల్. పాత కాల్స్ చెరిగిపోకముందే దాని స్క్రీన్‌షాట్ తీసి, రెండో మొత్తం పోయిన మెసేజ్‌తో కలిపి ఈ రోజే బ్యాంకుకు ఇచ్చి రసీదు తీసుకోండి.