షుగరు పరీక్ష నివేదిక: రోగి హక్కులు, గడువులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రక్తంలో గ్లూకోజు పరీక్ష చేయించుకునేవారు తరచూ అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. ఇందులో ‘ల్యాబ్’ అంటే రుసుము తీసుకుని పరీక్ష చేసే ప్రైవేటు వైద్య ప్రయోగశాల. ‘రోగి’ అంటే జబ్బు ఉన్నా లేకపోయినా పరీక్ష చేయించుకున్న వ్యక్తి. ‘నమూనా’ అంటే పరీక్ష కోసం సిర నుంచి తీసిన రక్తం. ‘నివేదిక’ అంటే ల్యాబ్ సంతకంతో ఇచ్చిన ఫలిత పత్రం.

1. పరీక్షకు ముందు రోగి బాధ్యత ఏమిటి?

పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలపాటు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. చక్కెర లేని కాఫీ తాగినా పరగడుపు కాదు. భోజనం తర్వాతి పరీక్షకు 2 గంటలను మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి లెక్కించాలి. నియమం తప్పితే ఆ సంగతి నమూనా ఇచ్చే ముందే చెప్పాలి. దాచిపెడితే తర్వాత చేసే ఫిర్యాదు బలహీనపడుతుంది. మందులు, ఇన్సులిన్ ఆపాలా వద్దా అన్నది వైద్యుడిని అడిగే తేల్చుకోవాలి.

2. నమూనా తీసేటప్పుడు ఏమేమి గమనించాలి?

సూది సీలు తన ఎదుట విప్పమని, గొట్టం మీద పేరు తన ఎదుటే రాయమని రోగి కోరవచ్చు. నమూనా తీసిన సమయం నమోదు చేయించాలి. గ్లూకోజు పరీక్షకు సాధారణంగా సోడియం ఫ్లోరైడు ఉన్న బూడిద రంగు మూత గొట్టం వాడతారు. మామూలు గొట్టంలో రక్తకణాలు గ్లూకోజును ఖర్చు చేస్తూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో విలువ గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అంటే డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు ఉన్నది రెండు గంటల్లో 111 దగ్గరికి రావచ్చు. అయితే రక్తకణాలను వెంటనే వేరుచేసినట్లయితే వేరే రంగు మూత ఉన్నంత మాత్రాన లోపం కాదు.

3. నివేదికలో ఏవి ఉన్నాయో చూసుకోవాలి?

రోగి పేరు, వయసు, నమూనా తీసిన తేదీ, సమయం, పరీక్షా విధానం (హెక్సోకైనేజ్ లేదా జీఓడీ-పీఓడీ), కొలమానం, సాధారణ పరిధి, సంతకం చేసినవారి పేరు, అర్హత. టెక్నీషియన్ సంతకం ఒక్కటే ఉంటే బాధ్యుడైన వైద్యుడి సంతకం అడగాలి. విదేశాల్లోని పిల్లలు పంపే నివేదికలు మిల్లీమోల్‌లలో ఉంటే, ఆ అంకెను 18తో గుణిస్తే డెసిలీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. ఎన్ఏబీఎల్ గుర్తింపు స్వచ్ఛందం. అది లేకపోవడమే తప్పు కాదు. గుర్తు వాడితే గ్లూకోజు పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉందో లేదో చూసుకోవాలి.

4. ఒక్క నివేదికతో మధుమేహం నిర్ధారణ అవుతుందా?

పరగడుపున 126 లేదా ఆపైన, 75 గ్రాముల గ్లూకోజు తాగిన 2 గంటలకు 200 లేదా ఆపైన, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. స్పష్టమైన లక్షణాలు లేనప్పుడు రెండో పరీక్షతో ధ్రువీకరించుకోవాలి. ఇంట్లో వాడే గ్లూకోమీటరు అంకె నిర్ధారణకు చెల్లదు. 100, ఆపై విలువల్లో 15 శాతం వరకు తేడాను దాని ప్రమాణమే అనుమతిస్తుంది.

5. నివేదిక తప్పనిపిస్తే మొదట ఏం చేయాలి?

విలువ బాగా పడిపోయినా, విపరీతంగా పెరిగినా మొదట వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, కాగితాలు తర్వాత. ఆ పరిస్థితి లేకపోతే అదే రోజు ల్యాబ్‌కు లిఖితపూర్వకంగా రెండు కోరాలి: నమూనా పారవేయవద్దని, అదే నమూనాతో మళ్లీ పరీక్షించమని. నమూనాలను ఎక్కువ రోజులు ఉంచరు. మరుసటి రోజు మరో ల్యాబ్‌లో వేరే అంకె వచ్చినంత మాత్రాన మొదటి నివేదిక తప్పని రుజువు కాదు. గ్లూకోజు పూటపూటకూ మారుతుంది.

6. రికార్డులు ఎన్నాళ్లలో ఇవ్వాలి?

2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం, రోగి అడిగితే వైద్యుడు రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు అందినట్లు రసీదు తీసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద గడువు 30 రోజులు. అప్పటికీ రాకపోతే, లేదా నిరాకరిస్తే, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు చేయాలి.

7. ఫిర్యాదు ఎక్కడ, ఎప్పటిలోగా?

రిజిస్ట్రేషన్, ప్రమాణాల ఉల్లంఘనపై జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ఫిర్యాదు చేయాలి. నష్టపరిహారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించాలి. రోగి నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే కోర్టు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు, వ్యాజ్య కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. నివేదిక తేదీ నుంచే లెక్కించుకోవడం క్షేమం. తీర్పుపై అప్పీలుకు 45 రోజులు.

8. ఉచితంగా పరీక్ష చేయించుకుంటే?

అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే ఆసుపత్రిపై వినియోగదారుల ఫిర్యాదు నిలవదు. కొందరి దగ్గర రుసుము తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి మాత్రం, ఉచితంగా సేవ పొందిన రోగి విషయంలోనూ చట్టం పరిధిలోకి వస్తుంది. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది.

9. ఏమి రుజువు చేయాలి?

మూడు: ల్యాబ్ సేవలో లోపం, రోగికి జరిగిన నష్టం, ఆ లోపం వల్లే ఈ నష్టం అన్న సంబంధం. అంకె తప్పు, కానీ దాన్ని నమ్మి ఎవరూ ఏ మందూ మార్చలేదు అంటే పెద్ద పరిహారం ఆశించలేం. తప్పు నివేదికను బట్టి ఇన్సులిన్ మోతాదు పెంచగా ఆసుపత్రి పాలైతే, ఆ చీటీ, ఆ డిశ్చార్జి పత్రం కీలక సాక్ష్యాలు.

పై సమాధానాలు సాధారణ సమాచారం మాత్రమే; మీ కేసు వివరాలను బట్టి న్యాయవాదిని సంప్రదించండి. ఏ వివాదం లేకపోయినా బిల్లు, నివేదిక, మందుల చీటీ ఒకే కవరులో కనీసం 2 సంవత్సరాలు దాచండి.