రెండు తీగలపై యంత్రముల సంభాషణము

మౌలాలి గుట్టపై నిలిచి నలుదెసలు పరికించువారికి రైలు పట్టాలును, వాని కావల కర్మాగారముల రేకు కప్పులును కానవచ్చును. 1967వ సంవత్సరమున శ్రీ అయ్యగారి సాంబశివరావుగారి నేతృత్వమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఈ చుట్టుపట్లనే వెలసినది. 1971లో అణు ఇంధన సముదాయము ఏర్పడినది. నాచారము, మల్లాపురము, చర్లపల్లి వాడలలో చిన్న యంత్రశాలలు అనేకములు గలవు. ఈ శాలలలో పొయ్యి తన వేడిమిని, పంపు తన ఒత్తిడిని, మోటారు తన వేగమును దూరముననున్న నియంత్రణ యంత్రమునకు ఎడతెగక తెలుపుచుండవలెను. ఆ మాట ఎట్లు సాగునో, ఎందుచేత తప్పునో ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఇందుకొక కారణము గలదు.

మా పాఠశాలలో చదివి వెడలిన యువకుడొకడు ఈ ప్రాంతపు చిన్న కర్మాగారమొకదానిలో, రంగు పూసిన ఇనుప సామానును కాల్చి ఆరబెట్టు పొయ్యి యొద్ద పనికి చేరెను. ఒకనాటి రాత్రి తెరపై 182 డిగ్రీలని కనబడుచుండగనే మాడు వాసన వచ్చెను. తలుపు తీసి చూడగా సరకంతయు నల్లబడియుండెను. తెరపై అంకె మాత్రము కదలలేదు. మరునాడు తప్పంతయు అతనిపై బడి, జీతములో కోత విధింపబడెను. అతడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, నేను కన్ను త్రిప్పలేదు. అంకె మారకపోయినచో నేనేమి చేయగలను?" అని యడిగెను. యజమానుని యనుమతితో మేము పై తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని అచ్చటికి వెళ్లితిమి.

మొదట విషయమును తెలిసికొందము. ఒక అక్షరమును కొన్ని సంకేతములుగా విడదీసి, ఒకదాని వెనుక నొకటిగా ఒకే తీగ వెంట పంపుటయే వరుస ప్రసారము. ఇది క్రొత్తది గాదు. ఫ్రాన్సు దేశీయుడగు ఎమీల్ బోదో పందొమ్మిదవ శతాబ్దముననే తంతివార్తలకై అక్షరమునకు ఐదేసి సంకేతములు నిర్ణయించెను. వేగమును కొలుచు 'బాడ్' అను మాట ఆయన పేరనే వచ్చినది. మన దేశమున తంతివార్తలు 2013లో ముగిసినవి. ఆ పద్ధతి మాత్రము యంత్రశాలలలో జీవించియే యున్నది.

నేడు ఎక్కువగా వాడబడు ఏర్పాటు 1983లో వెలువడిన ఆర్ఎస్-485 అను ప్రమాణము. ఇందు మెలిపెట్టిన రెండు తీగలుండును. గ్రహించు యంత్రము ఏ తీగలోను ఎంత వోల్టేజి యున్నదని చూడక, రెంటి నడుమ భేదమెంత యని మాత్రమే చూచును. గతుకుల బాటపై పోవు బండిలో ప్రక్కప్రక్కన కూర్చున్న యిరువురును ఒక్కసారే ఎగిరిపడుదురు గాని వారి యెత్తులలోని భేదము మారదు గదా! అట్లే ప్రక్కనున్న మోటారు వలన కలుగు అలజడి రెండు తీగలను సమముగా తాకి, భేదమును చెరుపజాలదు. తీగలను మెలిపెట్టుట ఈ సమత్వము కొరకే. భేదము వోల్టులో అయిదవ వంతున్నను గ్రహించు యంత్రము గుర్తింపవలెనని నియమము. తక్కువ వేగమున 1200 మీటర్ల దూరము వరకు మాట చేరును.

తీగ యొక్కటే కావున ఇద్దరు ఒకేసారి మాటలాడరాదు. ఒంటి పట్టాపై టోకెను చేతికందినగాని డ్రైవరు బండిని కదల్పరాదను పాత నియమము మన రైలు ఉద్యోగుల బిడ్డలకు తెలిసినదే. 1979లో మోడికాన్ సంస్థ వెలువరించిన మోడ్‌బస్ అను పద్ధతియు ఇట్టిదే. పెద్ద యంత్రము సంఖ్య చెప్పి పిలుచును. ఆ సంఖ్య గలది మాత్రమే బదులు పలుకును. ప్రతి సందేశము చివరను లెక్క సరిచూచు 16 సంకేతములుండును. లెక్క తప్పినచో ఆ సందేశము త్రోసివేయబడును.

ఇక్కడ చిన్న గణితము చేయుదము. 9600 వేగమున, అక్షరమునకు 11 సంకేతముల చొప్పున, ఒక్కొక్క అక్షరమునకు 1.15 మిల్లీసెకండ్లు పట్టును. పది విలువలడుగు ప్రశ్న 8 అక్షరములు, బదులు 25 అక్షరములు, నడుమ విరామములు. వెరసి ఇంచుమించు 46 మిల్లీసెకండ్లు. జవాబుకై ఆలోచించు కాలము పదియని చేర్చినను, 30 యంత్రములను ఒక చుట్టు పలుకరించుటకు రెండు సెకండ్లు పట్టదు. కాని వానిలో నొకటి చెడినచో? దాని బదులుకై సెకండు చొప్పున మూడుసారులు వేచినచో, తక్కిన వన్నియు మూడు సెకండ్లు ఊరక నిలువవలెను. కావున పలుకని దానిని ప్రక్కకు బెట్టి, అప్పుడప్పుడు మాత్రము పిలిచి చూచుట మేలు.

ఇక తీగ చివరల మాట. సంకేతము తీగ కొనను చేరి, గుట్టకు తగిలిన కేక వలె తిరిగివచ్చును. అది రాకుండుటకై రెండు కొనలయందును 120 ఓముల నిరోధకము నొక్కొక్కటి అమర్తురు. రెండే, రెండు కొనలయందే. మూడవది కూడదు. విద్యుత్తు ఆపి మీటరుతో కొలిచినచో ఇంచుమించు 60 ఓములు చూపవలెను.

ఆ కర్మాగారమున మా విద్యార్థి యొకడు కొలువగా మీటరు 40 చూపెను. పిల్లలందరు కాగితములు తీసి లెక్కవేసిరి: 120ని మూడింట భాగించిన 40. మూడవ నిరోధకమెచ్చట? వెదకగా తెలిసినదేమనగా, క్రొత్త యంత్రమొకటి చేర్చినపుడు తీగను పొడిగించి, క్రొత్త కొనయందు నిరోధకము పెట్టిరి. పాత కొనయందలి దానిని తీయ మరచిరి. ఆ తీగ రెండువందల మీటర్లే గనుక, ఆ వేగమున ప్రతిధ్వని వలన గొప్ప చెరుపు లేదు. అసలు చెరుపు, మూడవ భారము చేత సంకేతము బలహీనమగుట. పైగా ఆ తీగ పెద్ద మోటారు తీగతో ఒకే తొట్టిలో పోవుచున్నది. దానిపై కవచము కూడ లేదు. మోటారు నడచుచున్నంత సేపు బదులులన్నియు లెక్క తప్పి త్రోసివేయబడుచుండెను.

ఇంతవరకు తీగ తప్పు. సరకును మాడ్చినది మాత్రము వేరొక తప్పు. బదులు రానపుడు ఏమి చూపవలెనో తెర నడుపు కార్యక్రమమున వ్రాయబడలేదు. కావున చివర వచ్చిన 182ను అది అట్లే చూపుచుండెను. వేడిమిని తగ్గింపుమను ఆజ్ఞయు ఆ తీగ మీదుగనే పోవలెను గాన, అదియు చేరలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చూపు తెర, ఏమియు చూపని తెరకంటె అపాయకరమని మా యభిప్రాయము.

నడుమనున్న నిరోధకమును తీసివేసి, కవచము గల తీగను వేరు తొట్టిలో నడిపిరి. మూడు ప్రశ్నలకు వరుసగా బదులు రానిచో అంకె చెరిగి గంట మ్రోగునట్లు కార్యక్రమమును సవరించిరి. వేడిమి 220 దాటినచో ఏ సందేశముతోను పని లేక పొయ్యికి విద్యుత్తును తానే త్రెంచు మీట నొకదానిని నేరుగా పొయ్యి వద్దనే బిగించిరి. మేము వ్రాసి యిచ్చిన కొలతల కాగితమును యజమాని రెండుసారులు చదివెను. ఆ నెలాఖరున, కోసిన జీతము యువకునికి తిరిగి యీయబడెను.