విముక్తి మరునాడు ఏమైంది? : అమెరికా పునర్నిర్మాణం, తెలంగాణ వెట్టి

అమెరికా చరిత్రలో 1865 నుంచి 1877 దాకా నడిచిన కాలాన్ని ‘పునర్నిర్మాణ యుగం’ అంటారు. పరీక్ష కోసం చదివేటప్పుడు మనలో చాలామందిమి మూడు రాజ్యాంగ సవరణలు బట్టీపట్టి ముందుకు పోతాం. నేను కాగజ్‌నగర్ వాణ్ణి. ఈ పాఠం చదివినప్పుడల్లా నాకు దూరదేశపు ముచ్చటగా తోచదు. మా ఆదిలాబాద్, కరీంనగర్ ఊళ్ల ముచ్చటే చదువుతున్నట్టుంటుంది. అక్కడి బానిస, ఇక్కడి వెట్టివాడు ఒకటే అని నేననను. బానిసను సంతలో నిలబెట్టి అమ్మేవాళ్లు, వెట్టివాణ్ణి అట్లా అమ్మలేదు. అయినా విముక్తి మరునాడు ఇద్దరికీ ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ పూట గింజల కోసం ఎవరి గడప తొక్కాలి? ఈ ప్రశ్నను ముందు పెట్టుకొని రెండు చరిత్రలనూ పోల్చి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇచ్చిన భూమి, తీసుకున్న భూమి

అంతర్యుద్ధం (1861–65) నాటికి అమెరికాలో సుమారు 40 లక్షల మంది బానిసలున్నారు. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ పౌరసత్వాన్నీ చట్టం ముందు సమాన రక్షణనూ ఇచ్చింది. జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లో 15వ సవరణ చెప్పింది. అదే ఏడు హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి నాయకుడు సెనేట్‌లో అడుగుపెట్టాడు. విముక్తుల బాగోగులు చూడటానికి కేంద్రప్రభుత్వం ఒక ప్రత్యేక శాఖను పెట్టి బడులు తెరిపించింది. చూస్తే అన్నీ ఉన్నట్టే ఉన్నాయి.

లేనిది భూమి. 1865 జనవరి 16న జనరల్ షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దక్షిణ తీరప్రాంతంలో భూస్వాములు వదిలిపోయిన భూములను విముక్త కుటుంబాలకు 40 ఎకరాలకు మించకుండా పంచాలన్నాడు. సుమారు 40 వేల మంది ఆ భూముల్లో నాగలి పట్టారు. ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ తిరుగుబాటు చేసిన భూస్వాములకు క్షమాభిక్ష పెట్టి, వాళ్ల భూములు వాళ్లకు తిరిగి ఇప్పించాడు. ఆ కబురు చెప్పడానికి అక్టోబర్‌లో జనరల్ హోవర్డ్ ఎడిస్టో ద్వీపానికి పోవలసి వచ్చింది. విముక్తుల శాఖ అధిపతి ఆయనే!

భూమి పోయినవాడు పాత ఆసామి పొలాన్నే పాలుకు చేశాడు. విత్తనం అప్పు, గింజలు అప్పు. పద్దుపుస్తకం ఆసామి లేదా షావుకారు చేతిలో ఉంటుంది. పంట అమ్మినా బాకీ తీరదు. పని లేకుండా కనిపిస్తే దేశదిమ్మరి అని జరిమానా వేసి, అది కట్టిన ఆసామికే పనికి అప్పగించే చట్టాలను కొన్ని దక్షిణ రాష్ట్రాలు చేసుకున్నాయి. 1877లో అక్కడి ప్రభుత్వాలకు అండగా ఉన్న కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత ఓటుకు పన్ను, చదువు పరీక్ష అంటూ అడ్డంకులు పెట్టారు. 1870లో కాగితం మీదికి వచ్చిన ఓటుకు గట్టి కాపలా దొరికింది 1965 ఓటు హక్కుల చట్టంతో. అంటే 95 ఏళ్లకు!

మన దగ్గర

మన పోరాటాన్ని పాఠ్యపుస్తకాలు అంతర్యుద్ధమని పిలవవు. కానీ 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబర్ 21న సాయుధ పోరాటాన్ని విరమించేదాకా హైదరాబాద్ రాజ్యంలో జరిగింది అంతకు తక్కువేమీ కాదు. ఒక పక్క దొరలు, రజాకార్లు, మరో పక్క సంఘం. నడుమ 1948 సెప్టెంబర్ 13 నుంచి అయిదు రోజుల పోలీసు చర్య.

ఆ పోరాటానికి మూలం వెట్టి. మాదిగ చెప్పులు, తోలు సామాను ఊరికే ఇవ్వాలి. చాకలి గడీ బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు మోయాలి. అధికారి ఊళ్లోకి వస్తే బండ్లు కట్టాలి. దీనికి తోడు భాగేలా: తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉండటం. భాగేలా ఒప్పందాలను అదుపు చేసే చట్టం నిజాం కాలంలోనే వచ్చింది. అమలు చేయవలసిన పట్వారి, పటేల్ దొర మనుషులైనప్పుడు ఆ చట్టం ఎవరి ఇంటిదాకా పోతుంది?

పోరాట నాయకుల లెక్క ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. పోలీసు చర్య తర్వాత గడీలు వదిలి పారిపోయిన దొరలు తిరిగి వచ్చారు, చాలా ఊళ్లల్లో పంచిన భూమి మళ్లీ వాళ్ల పాలైంది. ఎడిస్టో ద్వీపం ఎక్కడ, తెలంగాణ పల్లె ఎక్కడ! జరిగింది మాత్రం ఒక్కటే.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. కానీ జీతగానికి కౌలెక్కడిది? రాజ్యాంగం 23వ అధికరణం 1950లోనే వెట్టిని నిషేధించింది. దానికి కోరలు తొడిగిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మాత్రం 1976 దాకా రాలేదు.

రుజువు ఎవరి మీద?

ఆ 1976 చట్టాన్ని మన విద్యార్థులు ఒకసారి తెరిచి చూడాలి. నిర్వచనంలోనే భాగేలా, జీత, పాలేరు, వెట్టి అనే మన ఊరి మాటలు కనిపిస్తాయి. వెట్టి అప్పు రద్దు. దాని కోసం కోర్టుకు పోరాదు. విడుదలైనవాణ్ణి గుడిసెలోంచి వెళ్లగొట్టరాదు. అన్నింటికన్నా ముఖ్యమైనది 15వ సెక్షన్: ఇది వెట్టి అప్పు అని కూలివాడు చెబితే, కాదని రుజువు చేయవలసింది అప్పిచ్చినవాడే. పద్దుపుస్తకం ఎవరి చేతిలో ఉందో చట్టం అప్పటికి గుర్తించిందన్నమాట.

మా జిల్లాలో ఇదే సూత్రం కొంచెం ముందే వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము చనిపోయిన తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితి పరిశీలించమంది. ఆ దశకంలో గోండులకు పట్టాలు వచ్చాయి. తర్వాతి ఏళ్లల్లో వలస వచ్చినవాళ్ల చేతుల్లోకి ఆ భూములెన్నో పోయాయి. అందుకే 1970 నాటి ‘వన్ ఆఫ్ సెవెంటీ’ రెగ్యులేషన్, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని దగ్గర్నుంచి వచ్చిందనే భావించాలని చెప్పింది. కాదంటే గిరిజనేతరుడే రుజువు చూపాలి. ఇంత గట్టి మాట రాసి పదకొండేళ్లయినా, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి.

కరీంనగర్ జిల్లాలోనూ 1976 చట్టం తనంతట తాను ఊళ్లల్లోకి నడిచి రాలేదు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి బందు పెట్టిన ఊళ్లల్లో దొరలకు చాకలి, మంగలి పని చేయమన్నారు. అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

మనకేమిటి?

ఇదంతా గడిచిన కథ అనుకోవడానికి వీల్లేదు. అడ్వాన్సు తీసుకొని ఇటుక బట్టీలకు వలస వచ్చే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. గుర్తించి విడిపిస్తే సరిపోదు, పునరావాసం లేకపోతే వాళ్లు మళ్లీ అదే బంధంలో పడతారని నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. ఎడిస్టో నుంచి తెలంగాణ దాకా చరిత్ర చెబుతున్నదీ ఇదే.

కాబట్టి మిత్రులారా, విముక్తి తేదీ ఒకటి పుస్తకంలో కనబడినప్పుడు దాని పక్కన మూడు ప్రశ్నలు రాసుకుందాం. భూమి ఎవరికి దక్కింది? రుజువు భారం ఎవరి మీద ఉంది? మరునాడు అండగా ఎవరు నిలబడ్డారు? 1976 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి సబ్‌డివిజన్‌లో ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఎప్పుడు కూర్చున్నది, ఏం తేల్చింది అని కలెక్టరాఫీసులో అడగడానికి డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు.