కావడి మోయు పసిభుజము

తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా భావింపుమను ఉపదేశము తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లియందు కలదు. దానిని వినని ఆస్తికుడు మనలో ఉండడు. కాని ఆ ఉపదేశము ఎవరికి, ఏ సమయమున చేయబడినదో పలువురు గమనింపరు. వేదాధ్యయనము పూర్తిచేసి గురుకులమును వీడుచున్న శిష్యునకు ఆచార్యుడు చేసిన అనుశాసనమది. స్వాధ్యాయమునందు ఏమరుపాటు కూడదనియు, దేవపితృకార్యములందు ఏమరుపాటు కూడదనియు అందే చెప్పబడినది. చదువును, సేవను ఉపనిషత్తు ఒక్కచోటనే విధించినదే కాని, ఒకదానికై వేరొకదానిని విడువుమనలేదు.

ఈ వాక్యములను నేను బాల్యముననే పాఠశాలలో వల్లెవేసితిని. వాని అర్థము మాత్రము నాకు ఉద్యోగవిరమణకు కొన్నియేండ్ల ముందు, మా విస్సన్నపేట ప్రాంతమున ఒక బాలికవలన తెలిసినది.

ఆ బాలిక అప్పటికి ఏడవ తరగతి. తలిదండ్రులు తెల్లవారకముందే పత్తితీతకో, మిరపకోతకో పోయి ప్రొద్దుగ్రుంకిన పిదప వచ్చెడివారు. ఇంటిలో చూపుపోయి మంచము పట్టిన నాయనమ్మ. ఆమెకు నోరు కడిగించుట, గంజి త్రాగించుట, బట్ట మార్చుట, చేయిపట్టి పెరటిలోనికి నడిపించుట అన్నియు ఈ పిల్లయే చేసెడిది. ఈ సంగతి విని, ఒకనాడు తరగతిలో శ్రవణకుమారుని కథ చెప్పి, ఆమెను నిలువబెట్టి, "ఈమె మన శ్రవణకుమారి" అంటిని. పిల్లలందరు చప్పట్లు కొట్టిరి. నేనును ధర్మబోధ చేసితినని సంతోషించితిని.

రెండుమాసములు గడచెను. హాజరుపట్టీలో ఆమె పేరు కెదురుగా గైరుహాజరు గుర్తులే వరుసగా కనబడెను. అర్ధసంవత్సర పరీక్షలును ఆమె వ్రాయలేదు. ఇల్లు వెదకుకొని పోయితిని. మంచము ప్రక్కన నేలపై కూర్చుండి తాటాకు విసనకఱ్ఱతో విసరుచున్నది. "బడికేల రావమ్మా?" అని అడిగితిని. "నేను బడికొస్తే నాయనమ్మకు మంచినీళ్ళు ఎవరిస్తారండీ మాస్టారూ? మీరే కదండీ మంచిపని అన్నారు" అనినది. ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయినది. ఇంతలో మంచముపైనుండి ఆ వృద్ధురాలు, "బాబూ, దాని చదువు నా కోసం ఆపకండి. నా మాట వినదు, మీరైనా చెప్పండి" అని చేతులు జోడించినది.

పసిబిడ్డ భుజముపైనున్న కావడిని జూచి నేను చప్పట్లు కొట్టించితినే కాని, ఒక ప్రక్క చేయివేయలేదు. ఆ దోషము నాది. ఆ రాత్రి శ్రవణుని కథను మరల శ్రద్ధగా చదివితిని.

వాల్మీకి మహర్షి ఆ కథను అయోధ్యాకాండమున దశరథుని నోటనే చెప్పించెను. అందు ఆ మునికుమారునికి పేరు లేదు. శ్రవణుడను పేరు తరువాత జనులలో ప్రసిద్ధమైనది. వర్షాకాలపు రాత్రి సరయూనదిలో కడవ ముంచుచుండగా ఆ శబ్దమును విని ఏనుగని భ్రమించి దశరథుడు బాణము విడిచెను. కూలిన ఆ కుమారుడు తన ప్రాణమునకై దుఃఖింపలేదు. కన్నులు లేని తన తలిదండ్రులకు ఇక దిక్కెవరు, ఒక్క బాణము మువ్వురిని చంపినదే యని విలపించెను. చివరకు అట్లే జరిగినది. ఈ కథను మనము పుత్రభక్తికి నిదర్శనముగా చెప్పుకొందుము. అది నిజము. కాని ఇద్దరు అంధవృద్ధుల బ్రదుకంతయు ఒక్క బాలునిపై ఆనియుండుట ఎంత భయంకరమో కూడ ఆ కథ చెప్పుచున్నది. ఆ కడవను పట్టుకొనుటకు రెండవ చేయి లేదు. బాలుడు కూలగానే నీరును లేదు, ప్రాణమును లేదు.

మహాభారతమున పూరుని వృత్తాంతమును స్మరింపుడు. తండ్రియగు యయాతి ముదిమిని, అన్నలు వలదన్నను, కనిష్ఠుడైన పూరుడు స్వీకరించి తన యౌవనమును అతనికిచ్చెను. అతని త్యాగమును అందరు కొనియాడుదురు. కథాంతమును తలచువారు తక్కువ. కామోపభోగములవలన తృప్తి కలుగదని గ్రహించిన యయాతి ఆ యౌవనమును కుమారునికి తిరిగి ఇచ్చివేసెను. రాజ్యమును కూడ ఇచ్చెను. పిల్లలు మనకిచ్చు బాల్యము అప్పువంటిది. దానిని తీర్చు బాధ్యత పెద్దలదే.

మరి సేవ ఎట్లు జరుగవలెను? అరణ్యపర్వమున మిథిలానగరపు ధర్మవ్యాధుడు దీనికి సమాధానము. తలిదండ్రులను విడిచి తపోధ్యయనములకై పోయిన కౌశికుడను బ్రాహ్మణునికి అతడు తన వృద్ధులను చూపి, వీరే నాకు దైవములనెను. తానే వారిని స్నానము చేయించుచు, పాదములు కడుగుచు, భోజనము పెట్టుచు, భార్యతోను పుత్రులతోను కూడి నిత్యము సేవించుచున్నానని చెప్పెను. అందు పిల్లలున్నారు. కాని పిల్లలు మాత్రమే లేరు; ముందు నిలిచినవాడు గృహయజమాని. పిల్లలు అతనివెంట నడచుచు సేవను నేర్చుకొనుచున్నారు.

తిరుమల యాత్రికులకు సుపరిచితమైన ఉదంతము మరియొకటి కలదు. భగవద్రామానుజుల మేనమామయు, వారికి శ్రీమద్రామాయణ రహస్యములను బోధించిన ఆచార్యులునగు తిరుమలనంబి శ్రీవారి అభిషేకమునకై ప్రతిదినము పాపవినాశతీర్థమునుండి నీరు మోసికొని వచ్చెడివారు. వార్ధక్యము పైబడినను మానలేదు. ఒకనాడు వేటగాని వేషమున ఒక బాలుడు ఎదురై "తాతా, దాహము" అని అడిగెను. స్వామి తీర్థమును ఇయ్యరాదని నంబి ముందునకు సాగగా, వెనుకనుండి కడవకు రంధ్రము చేసి నీరు త్రాగెను. వగచుచున్న వృద్ధునితో, దగ్గరలోనే నీరు చూపెదనని కొండపై బాణము వేయగా ఆకాశగంగ వెలువడినదని సంప్రదాయము. అధ్యయనోత్సవముల ముగింపున తిరుమలలో జరుగు తన్నీరముదు ఉత్సవము ఈ కైంకర్యమునకు స్మారకము.

శ్రీనివాసుడు వృద్ధుని కైంకర్యమును మాన్పలేదు, దూరమును తగ్గించెను. మోయువానికి మనము చేయదగిన ఉపకారము కూడ ఇదియే.

ఆ బాలిక యింటికి నీరు దగ్గర చేయుటకు మేము చేసినది స్వల్పము. ఇరుగుపొరుగున ఉన్న ముగ్గురు గృహిణులు పగటిపూట వంతులు వేసికొనిరి. ప్రొద్దుటి పనులు తల్లి చూచుకొని కొంత ఆలస్యముగా పనికి పోవుటకు ఒప్పుకొనెను. పిల్ల మరల బడికి వచ్చినది. ఆ వృద్ధురాలు మరి రెండేండ్లు జీవించెను. సాయంకాలము ఆమె ప్రక్కన కూర్చుండి పాఠము బిగ్గరగా చదువుట ఆ బాలిక చేసిన సేవలలో ఒకటి. చూపులేని ఆమెకు అంతకుమించిన వేడుక లేదట.

లోకధర్మము కూడ ఇట్లే ఉన్నది. 2007వ సంవత్సరమున వచ్చిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, వారిని పోషించు బాధ్యతను కుమారులపై, కుమార్తెలపై, మనుమలపై, మనుమరాండ్రపై ఉంచినది. కాని మైనరులను అందునుండి మినహాయించినది. వృద్ధుల మొర వినుటకు డివిజను స్థాయిలో ట్రిబ్యునలు ఉండును. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినది మొదలు విస్సన్నపేట మండలము తిరువూరు డివిజనులో ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల బాలబాలికలందరికిని ఉచిత నిర్బంధవిద్యను విధించినది. వృద్ధాప్యపు పింఛను మన రాష్ట్రమున 2024 నుండి నెలకు 4000 రూపాయలు. అర్హత ఉండియు పొందని వారి పేర్లు గ్రామసచివాలయమునకు తెలుపుట ఇరుగుపొరుగువారికి కష్టమైన పని కాదు.

గృహస్థులు కొన్ని విషయములు గుర్తుంచుకొనవలెను. పడకనుండి వృద్ధులను ఎత్తుట, గంటల లెక్కన ప్రక్కకు తిప్పి పరుండబెట్టుట, మందుల మోతాదు చూచుట పెద్దల పని. పిల్లల వెన్నును, తెలివిని దానికి ఒడ్డరాదు. నీరందించుట, కబుర్లు చెప్పుట, రామాయణము చదివి వినిపించుట, చేయి పట్టుకొని కూర్చుండుట పిల్లలకు తగినవి. ఆటకును చదువునకును పోను మిగిలిన కాలమున చేసిన ఈ సేవయే వారికి జీవితాంతము వెలుగగును. రాత్రి వృద్ధులు మూలిగినప్పుడు మొదట లేవవలసినది పెద్దవారు.

మహాశయులారా! మీ వీధిలో బడికిరాని పిల్ల ఒకతె ఉన్నచో, ఆ యింట మంచము పట్టిన వృద్ధులున్నారేమో విచారింపుడు. "ఎంత మంచి బిడ్డ!" అని మెచ్చుకొని వెడలిపోకుడు, ఆ తప్పు నేను చేసితిని. ఒకపూట మీరు ఆ మంచము ప్రక్కన కూర్చుండుడు, ఒక చెంబెడు నీరు మీ చేత అందింపుడు. "తాతా" యని పిలిచి దాహమడిగిన స్వామి ఆ నీటిని స్వీకరింపకపోడు.